ఈ సెంటు మగోళ్లదా, ఆడోళ్లదా? పూసుకుంటే మా చిన్నమ్మ ఉలిక్కిపడింది

ప్రశ్న: రాజంపేట_పిల్ల

ఉండేది కడపలో, ఒక బట్టలంగట్లో లెక్కలు రాస్తాను. సెంట్ల గురించి నాకు తెలిసింది సున్నా. పౌడరు, మల్లెపూలు, అంతే.

మా చిన్నమ్మ కువైట్‌లో ఒకే ఇంట్లో 11 ఏండ్లు వంట చేసి మొన్న సంక్రాంతికి పూర్తిగా వచ్చేసింది. ఆ ఇంటామెను మామా అని, ఇంటాయన్ను బాబా అని పిలిచేదంట. వచ్చేటప్పుడు మామా తన సెంటుబుడ్డి చేతిలో పెట్టిందంట, ఇంకా సగానికి పైనే ఉండాది. నల్లటి బరువైన గాజు, బంగారు రంగు మూత, అంతా అరబ్బీ రాత. చిన్నమ్మ దాన్ని బీరువాలో చీరల కింద పెట్టి మళ్లీ ముట్టుకోలేదు.

పోయిన ఆదివారం నేనే తీసి మెడకు రెండుసార్లు, చేతులకు రెండుసార్లు కొట్టుకున్నా. మొదట కుంకుమపువ్వు. వెనకనే రోజాలు, తాజావి కాదు, పెండ్లింట్లో మర్నాటి దండల వాసన. వాటి కింద ఇంకోటుంది, దానికి పేరు పెట్టలేకపోతున్నా. పాత చెక్కపెట్టె తెరిచినట్లు, కొంచెం తోలు, కొంచెం పొగ, నిజం చెప్పాలంటే కొంచెం పశువుల కొట్టం. బాగలేదని కాదు, మళ్లీ మళ్లీ చెయ్యి ముక్కు దగ్గరికే పోతాంది.

అట్లనే వంటింట్లోకి పోయినాను. చిన్నమ్మ పీట మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తాంది, వీపు నా వైపు. నేను నోరు కూడా తెరవలేదు. తటుక్కున లేచి నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకొని, స్టవ్ తగ్గించింది. తిరిగి చూసి "నువ్వా" అని మళ్లీ కూర్చున్నది. కాయలు ఒళ్లోంచి జారి నేలంతా పడినాయి.

మర్నాడు అంగడికి పూసుకొని పోతే కౌంటర్లో అన్న "ఏం మే, మీ నాయన సెంటు కొట్టుకొచ్చినావా" అన్నాడు.

ఇది మగోళ్లదా, ఆడోళ్లదా? ఎట్లాంటి మనిషి పూసుకునే వాసన? రెండోదే నాకు ముఖ్యం.

జవాబు: అత్తరు_అంగడి

చెల్లెమ్మా, మాది కడప పెద్ద దర్గా దగ్గర అత్తరు అంగడి, నాయన కాలం నుంచి. నువ్వు పేరు పెట్టలేనన్నావే, అది ఊద్. మన తెలుగులో అగరు. అగరుబత్తి అనే మాట దాన్నుంచి వచ్చిందే, ఇప్పటి బత్తుల్లో చాలావాటిలో అగరు ఉండదనుకో. అస్సాంలో, ఇంకా తూర్పు దేశాల్లో పెరిగే చెట్టు. ఆరోగ్యంగా ఉన్న చెక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. దెబ్బ తగిలో, పురుగు తొలిచో లోపల బూజు పడితే, చెట్టు తనను కాపాడుకోవడానికి నల్లటి బంక ఊరుస్తుంది. ఆ బంక పట్టిన చెక్కకే వాసన, దానికే ధర. మన లంకమలలో ఎర్రచందనం చూడు, అంత ధర పలికే చెక్క, ముక్కుకు ఆనించుకున్నా గంధం వాసన రాదు. బుడ్డి సెంట్లలో చాలావాటిలో ఉండే ఊద్ రసాయనంతో చేసిందే, నీది ఏదో చూడకుండా చెప్పలేను.

మా సీసాల మీద ఆడా మగా అనే రాతే లేదు. గులాబ్ అత్తరు మా దగ్గర గడ్డం నెరిసిన పెద్దాయనలే కొంటారు, దూదికద్ది చెవి మడతలో పెట్టుకొని నమాజుకు పోతారు. వాళ్లకు పోయి రోజా ఆడవాళ్లదని చెప్పు, చూద్దాం. తిరుమలలో స్వామికి శుక్రవారం అభిషేకం తర్వాత పునుగు తైలం పూస్తారు గదా, అది మగ వాసనా ఆడ వాసనా అని ఎవరన్నా అడిగినారా?

ఎట్లాంటి మనిషంటే, నేను అమ్మేవాణ్ని, చూసింది చెప్తా. మల్లె అత్తరు కొనేవాళ్లు మూత తీయంగానే నవ్వుతారు. ఊద్ కొనేవాళ్లు నవ్వరు. చెయ్యి వెనక రాసుకొని, బయట టీ తాగి, అరగంటకు వచ్చి మళ్లీ వాసన చూసి అప్పుడు ధర అడుగుతారు. గొంతు పెంచాల్సిన పని లేని మనుషులు.

నాలుగుసార్లు కొట్టుకోవడం మాత్రం తప్పు. తేలికవి ముందు ఎగిరిపోతాయి, అగరు బరువు, సాయంత్రానికి అదే మిగులుతుంది. మన ఎండకు అన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒకటి చాలు, అదీ గుడ్డకు కాదు, ఒంటికి.

జవాబు: బస్సు_బాధితుడు

అన్న చెప్పింది బాగుంది గానీ, మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరు బస్సులో నా పక్కన ఒకాయన ఇదే రకం పూసుకొని కూర్చున్నాడు. ఆయన ఎర్రగుంట్లలో దిగినాడు, వాసన ప్రొద్దుటూరు దాకా టికెట్టు లేకుండా వచ్చింది. నా లెక్కలో ఇది పెత్తనం వాసన.

జవాబు: రాయచోటి_బెంగళూరు

1994లో సీకే వన్ అనే సెంటు వచ్చినప్పుడు ఆడామగా ఇద్దరికీ ఒకటే అన్నారు. అది నిమ్మకాయ నీళ్ల లాంటిది, ఎవరు పూసుకున్నా ఎవరికీ అడ్డం రాదు. 2007లో టామ్ ఫోర్డ్ ఊద్ వుడ్ కూడా ఇద్దరికీ అన్నదే, కానీ అది గదిలోకి మనతో పాటు ఇంకో మనిషి వచ్చినట్లుంటుంది. అక్కా, ఆ ఇంకో మనిషి ఎవరో మీ చిన్నమ్మకు తెలుసు. అడిగినారా?

రాజంపేట_పిల్ల

అడిగినాను. రాత్రి అన్నాలు తిన్నాక చెప్పింది.

ఆ ఇంట్లో బాబా, మామా ఇద్దరూ ఆ బుడ్డే వాడేవాళ్లంట. సాయంత్రం బొగ్గులు రాజేసి, బఖూర్ వేసి, మామా బట్టలకు పొగ పట్టించేది చిన్నమ్మ పనే. "మనం పిల్లోళ్ల తలకు సాంబ్రాణి పట్టిస్తాం గదా, అట్లనే" అన్నది. ఇల్లంతా తివాచీ, అడుగుల చప్పుడు వినపడదు. ముందు వాసన వస్తుంది, వెనక మామా. ఒక్కనాడూ అరవలేదంట. గహ్వాలో, అదే వాళ్ల కాఫీలో, ఏలకులు ఎక్కువైతే కప్పు రెండు వేళ్లతో పక్కకు జరిపేది, అంతే. ఆ దినమంతా చిన్నమ్మకు కడుపులో దడ.

మా జేజి పోయినట్లు ఫోను వచ్చిన రోజు వంటింట్లో నేల మీద కూలబడి ఏడుస్తాంటే, అదే వాసన వచ్చిందంట. లేవబోతే మామా భుజం పట్టి కూర్చోబెట్టి, తనూ ఆ నేల మీదనే పక్కన కూర్చున్నది. మాట్లాడలేదు. "ఆ వాసన నా పైటకు రెండు రోజులుండె. ఉతకలేదు నేను" అన్నది.

బస్సు అన్నా, పెత్తనమే, మీరు చెప్పింది తప్పు కాదు.

బుడ్డి చేతికిస్తే ముంజేతికి ఒకసారి కొట్టుకొని, చాలాసేపు ఆగి చూసుకొని, "నా చేతికి తిరగమాత వాసనే గెలిచింది పో" అని నవ్వింది. వచ్చే వారం పెండ్లికి నన్నే పూసుకోమన్నది. తనకు మాత్రం దూదికి అద్ది ఇమ్మన్నది, చీరల మడతల్లో పెట్టుకుంటాదంట.