కామన్ లాలో ‘కామన్’కి తెలుగేది?

అడిగినవారు (అనువాదకురాలు):
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ న్యాయవ్యవస్థ మీద ఒక పాఠం తెలుగు చేస్తున్నాను, ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాది పిల్లలకి. ‘కామన్ లా’ దగ్గర బండి ఆగిపోయింది. సామాన్య న్యాయం, సాధారణ చట్టం, ఉమ్మడి చట్టం అని మూడు మాటలు తోచాయి. ఏది పెట్టినా ఎక్కడో ఒకచోట అతకడం లేదు. పాఠంలో ఒకచోట ‘కామన్ లా కోర్టులో ఊరట దొరకనివాడు చాన్సరీకి వెళ్ళేవాడు’ అని ఉంది (చాన్సరీ అంటే రాజుగారి ముఖ్యాధికారి చాన్సలర్ నడిపే కోర్టు). ఇంకోచోట ‘పార్లమెంటు చట్టం చేశాక కామన్ లా పక్కకి తప్పుకోవాలి’ అని. మరోచోట ‘ఫ్రాన్స్ కామన్ లా దేశం కాదు’ అని. మూడు చోట్లా ఒకే మాట వాడొచ్చా?

రిటైరైన న్యాయవాది ఒకరు:
అమ్మా, ముందు ‘చట్టం’ తీసేయండి. చట్టం అంటే శాసనసభ చేసేది. కామన్ లాని ఏ సభా చేయలేదు, అది తీర్పుల్లోంచి పుట్టింది. మీ రెండో వాక్యంలో ‘చట్టం వస్తే సాధారణ చట్టం తప్పుకోవాలి’ అని రాస్తే చదివే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది?

ఇక ‘కామన్’ సంగతి. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచేనాటికి అక్కడ ఏ ప్రాంతపు ఆచారం ఆ ప్రాంతానిది. జిల్లా కోర్టు లాంటి షైర్ కోర్టు, దానికింద హండ్రెడ్ కోర్టు, ఇవి కాక భూస్వామి తన మనుషుల మీద నడిపే సొంత కోర్టు. రెండో హెన్రీ (1154–1189) తన న్యాయమూర్తుల్ని దేశం మీదికి తిరగమని పంపాడు. వాళ్ళు ఊరూరా తగవులు విని వెస్ట్‌మినిస్టర్‌కి తిరిగొచ్చేవారు. అలా తిరగ్గా తిరగ్గా ఒకచోట చెప్పిన న్యాయమే ఇంకోచోటా చెప్పడం అలవాటయింది. రాజ్యమంతటికీ ఒకటే న్యాయం కాబట్టి ‘కామన్’. సామాన్యుడికీ దీనికీ సంబంధం లేదు, ‘సాధారణం’ అసలే కాదు. అర్థం చూస్తే ‘ఉమ్మడి’కే నా ఓటు.

కానీ ఒక చిక్కుంది. అదే వెస్ట్‌మినిస్టర్ హాల్లో ‘కోర్ట్ ఆఫ్ కామన్ ప్లీస్’ అని ఒక కోర్టు ఉండేది. అక్కడ ‘కామన్’ అంటే రాజుకి ప్రమేయం లేని, ప్రజల మధ్య తగవు. రాజు ఊళ్ళు తిరుగుతుంటే ఆయన కొలువు వెంట కక్షిదారులు పరిగెత్తలేక గోలపెట్టారు. అలాంటి దావాలు ఒక స్థిరమైన చోటే విచారించాలని 1215 నాటి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో రాయించుకున్నారు. అంటే ఇక్కడ ‘సామాన్యుల దావాలు’ అంటే సరిపోతుంది. కామన్ కనపడిన ప్రతిచోటా ‘ఉమ్మడి’ అని మార్చుకుంటూ పోకండి.

లా చదువుతున్న అమ్మాయి:
సర్, ‘ఉమ్మడి’ అంటే మా క్లాసులో అందరికీ ముందు గుర్తొచ్చేది ఉమ్మడి పౌరస్మృతి. తర్వాత ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి. హిందూ లా పేపర్లో ఉమ్మడి అంటే అన్నదమ్ముల వాటా గొడవ. పరీక్షలో ‘ఉమ్మడి న్యాయం లక్షణాలు వ్రాయుము’ అని వస్తే సగంమంది అవిభక్త కుటుంబం గురించి రాసేస్తారు. మాకు కామన్ లా అంటేనే టెన్షన్ లేదు.

రిటైరైన న్యాయవాది:
అది నిజమే, ఒప్పుకుంటున్నా. అయినా అసలు ఇబ్బంది తెలుగు మాటది కాదు. ఆ మాటకి ఎదురుగా ఎవరున్నారో చూసుకోవాలి. మీ మూడు వాక్యాల్లో ఎదుటివాళ్ళు ముగ్గురు.

మొదటిదానికి ఎదురు ఈక్విటీ, అంటే చాన్సరీ కోర్టు ధర్మబుద్ధిని బట్టి చెప్పిన న్యాయం. కామన్ లా కోర్టుల్లో దొరికేది చాలావరకు డబ్బు రూపంలో నష్టపరిహారం. భూమి అమ్ముతానని ఒప్పుకున్నవాడు మాట తప్పితే ‘ఇంత కట్టు’ అనేవారు, అంతే. నాకు ఆ భూమే కావాలంటే చాన్సలర్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన ‘రిజిస్టరు చెయ్యి, లేకపోతే జైలు’ అనగలడు. ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే ఆజ్ఞ), ట్రస్టు, అన్నీ ఆయన చలవే. తాకట్టు చూడండి. గడువు రోజుకి బాకీ కట్టకపోతే కామన్ లా ప్రకారం పొలం పోయినట్టే. గడువు దాటినా అసలూ వడ్డీ కట్టి విడిపించుకోవచ్చని చాన్సరీ అంది. మన 1882 ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్లో తాకట్టు విడిపించుకునే హక్కుకి మూలం ఆ మాటే. రెండు కోర్టులకీ పడక, తగవు రాజు దాకా పోతే 1616లో మొదటి జేమ్స్ చాన్సరీ వైపు మొగ్గాడు. 1873–75 జుడికేచర్ చట్టాలతో రెండూ కలిసిపోయాయి. కాబట్టి ‘కామన్ లా కోర్టు, చాన్సరీ’ అని విడదీసి రాసిన వాక్యం అంతకుముందు కాలానిది. ఆ సంగతి ఫుట్‌నోట్‌లో చెప్పండి.

రెండోదానికి ఎదురు పార్లమెంటు చేసిన చట్టం. మూడోదానికి రోమన్ న్యాయం నుంచి వచ్చిన ఐరోపా పద్ధతి, దాన్ని ‘సివిల్ లా’ అంటారు. ఇది ఇంకో ఉచ్చు. మనకి సివిల్ అంటే క్రిమినల్ కానిది. ఫ్రాన్స్‌ని ‘సివిల్ లా దేశం’ అంటే అక్కడ క్రిమినల్ కేసుల్లేవనుకుంటారు. ‘రోమన్ సంప్రదాయం’ అనండి, పీడా పోతుంది.

లండన్ నుంచి ఒక సభ్యుడు:
కోర్టుల పేర్లకి కూడా ఇదే గతి. ఇక్కడి హైకోర్టుని మన హైకోర్టులా ఊహించుకుంటే దెబ్బతింటాం. ఇక్కడ దాని మీద కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఉంది, దానిమీద సుప్రీంకోర్టు. హైకోర్టులో కింగ్స్ బెంచ్, చాన్సరీ, ఫ్యామిలీ అని మూడు విభాగాలు. పాత చాన్సరీ ఇలా పేరుకి ఇంకా బతికే ఉంది. చిన్న సివిల్ దావాలకి కౌంటీ కోర్టు.

క్రిమినల్ వైపు, కేసులన్నీ మేజిస్ట్రేట్ కోర్టులోనే మొదలవుతాయి. అక్కడి మేజిస్ట్రేట్లలో ఎక్కువమంది లా చదవనివాళ్ళు, జీతం లేకుండా ఇద్దరో ముగ్గురో కలిసి కూర్చుంటారు, పక్కన ఒక న్యాయ సలహాదారు ఉంటారు. మన మేజిస్ట్రేటు గారితో పోల్చకండి. పెద్ద నేరాలు క్రౌన్ కోర్టుకి, పన్నెండుమంది జ్యూరీ ముందుకి పోతాయి. ఈ క్రౌన్ కోర్టు పాతదేం కాదు, 1972లో మొదలైంది. సుప్రీంకోర్టు ఇంకా కొత్తది, 2009 అక్టోబరు నుంచి. అంతకుముందు ఆ పని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోని లా లార్డులు చేసేవారు. పార్లమెంటు చేసిన చట్టాన్ని మన సుప్రీంకోర్టులా కొట్టేసే అధికారం దీనికి లేదు. ఇదొక్కటి మాత్రం పాఠంలో లావుపాటి అక్షరాల్లో వేయించండి.

ఇంకోటి, కేసు పేర్లలో మధ్యనుండే ‘వి’. సివిల్ కేసైతే చదివేటప్పుడు ‘అండ్’ అంటారు, క్రిమినల్ అయితే ‘అగైనెస్ట్’. ‘వర్సెస్’ అంటే ఇక్కడి బారిస్టర్లు నవ్వుతారు. 1999లో వచ్చిన సివిల్ నిబంధనల తర్వాత ‘ప్లెయింటిఫ్’ కూడా పోయి ‘క్లెయిమెంట్’ అయ్యాడు. తెలుగులో ‘వాది’ మాత్రం చెక్కుచెదరలేదు, మనకదే సుఖం.

మరొకరు:
వాది అంటే గుర్తొచ్చింది. ఉర్దూలో ‘ముద్దఈ’ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ‘ముద్దాయి’ బోనెక్కాడు. పాపం ఏం చేశాడో!

అడ్మిన్:
దానికి వేరే పోస్టు పెట్టండి సార్, బాగుంటుంది. ఇక్కడ కామన్ లా పూర్తి కానివ్వండి.

లా చదువుతున్న అమ్మాయి:
తీర్పుల్లోంచి పుట్టడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ కూడా పాఠంలో ఉంటే బాగుంటుంది. నేనైతే రైలాండ్స్, ఫ్లెచర్ కేసు తీసుకుంటా. మిల్లు యజమాని తన నేలలో కట్టించుకున్న చెరువు నీళ్ళు పొరుగువాడి గనిలోకి దూకాయి. అజాగ్రత్త నిరూపించకపోయినా బాధ్యత అతనిదేనని 1868లో లార్డ్స్ తేల్చారు. అది ‘కఠిన బాధ్యత’, దానికి కొన్ని మినహాయింపులున్నాయి. ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో 1986లో మన సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమలకి ఆ మినహాయింపులు కూడా కుదరవంది. అది ‘సంపూర్ణ బాధ్యత’. 2020 మే 7న విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు, మర్నాడే ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 50 కోట్లు జమ చేయమంటూ ఉత్తర్వులో ‘కఠిన బాధ్యత’ అన్న మాట వాడింది. సంపూర్ణ అనాల్సింది కదా అని లాయర్లు అప్పుడే పట్టుకున్నారు.

అనువాదకురాలు:
ఇది తప్పక పెడతాను, థాంక్యూ. అయితే ఇలా రాస్తున్నా: మొదటిసారి వచ్చినచోట ‘కామన్ లా, అంటే రాజ్యమంతటికీ ఒకటిగా, తీర్పుల ద్వారా ఏర్పడిన న్యాయం’. తర్వాత అంతటా కామన్ లా. చాన్సరీ పక్కన ఉన్నప్పుడు కాలం చెప్తాను. కామన్ ప్లీస్‌కి ‘ప్రజా దావాల కోర్టు’. ‘సామాన్యుల’ అని పెడితే పేదవాళ్ళ కోర్టనుకుంటారేమోనని.

రిటైరైన న్యాయవాది:
‘ప్రజా’ కూడా వద్దమ్మా, ప్రజాప్రయోజన వ్యాజ్యం అనుకుంటారు. కామన్ ప్లీస్ అనే ఉంచి, పక్కన ఒక ముక్క వివరణ రాసెయ్యండి.