చిన్న ట్రాక్టర్ లోడర్ ఎత్తే బరువును ఎక్కడ కొలవాలి?

కడియపులంక నర్సరీ:
మా నర్సరీలో పెద్ద కుండీలను లారీలోకి ఎక్కించడానికి 27 హార్స్‌పవర్ ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్‌కు స్థానికంగా ఒక షెడ్డులో ముందు లోడర్ చేయించాను. చేసినాయన 500 కిలోలు ఎత్తుతుందని మాట ఇచ్చాడు గానీ కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. అందువల్ల నేనే పరీక్షించాను. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే కాబట్టి లెక్క తేలికని, చదునైన సిమెంటు నేల మీద బకెట్‌లో ఒక్కొక్క బస్తా పెంచుతూ పోయాను. ఎనిమిది బస్తాలను, అంటే 360 కిలోలను, లోడర్ పూర్తి ఎత్తుకు తీసుకుపోయింది. తొమ్మిది వేస్తే ఛాతీ ఎత్తు దగ్గర ఆగిపోయింది. పదకొండు బస్తాలు, 495 కిలోలు, నేల నుంచి జానెడు మాత్రమే లేచాయి. వెనుక రోటవేటర్ తగిలించి ఉన్నప్పటి లెక్క ఇది. అది తీసేసి చూస్తే పదో బస్తాకే వెనుక చక్రం నేల వదిలింది. ఇప్పుడు నా లోడర్ సామర్థ్యం 500 అనాలా, 360 అనాలా? జానెడు లేచినా ఎత్తినట్టే కదా అని చేసినాయన వాదిస్తున్నాడు.

తణుకు హైడ్రాలిక్ మెకానిక్:
బస్తాలు మోసి నడుం నొప్పి తెచ్చుకోవడం కంటే గేజి పెట్టి చూడటం మేలు. లోడర్ వాల్వు దగ్గర గేజి బిగించి, ఆర్ములను లేపే హైడ్రాలిక్ జాకీలను చివరిదాకా నెట్టి పట్టుకుంటే, పీడనం హద్దు దాటినప్పుడు నూనెను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు ఎంత పీడనం దగ్గర తెరుచుకుంటుందో తెలుస్తుంది. 50 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న జాకీకి 175 బార్ల దగ్గర దాదాపు మూడున్నర టన్నుల తోపు వస్తుంది కాబట్టి రెండింటికీ కలిపి ఏడు టన్నులు. అంత బలం ఉన్నా 400 కిలోల దగ్గర ఆగడానికి కారణం ఆర్మ్ పొడవు. జాకీ తోసే గీతకూ, ఆర్మ్ ట్రాక్టర్ దగ్గర తిరిగే పైపిన్నుకూ మధ్య లంబదూరం 15 సెం.మీ. అయి, బరువు ఆ పిన్నుకు రెండు మీటర్లు ముందు ఉంటే, చివర మిగిలేది 525 కిలోలు. అందులో బకెట్ 90, ఆర్ముల వాటా 60 తీసేస్తే 375. కింద ఉన్నప్పుడు ఆ లంబదూరం 19 సెం.మీ. అనుకోండి, ఇదే లెక్కకు 515 వస్తుంది. మీ కొలతలు నేను చూడలేదు గానీ, మీ బస్తాలు చెప్పినదీ ఇదే. చేసినాయన అబద్ధం చెప్పలేదు, తనకు అనుకూలమైన ఎత్తు ఎంచుకున్నాడు.

మరొక మాట. ఇంజిన్ రేజ్ చేస్తే ఎక్కువ ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. రేజ్ చేస్తే పెరిగేది వేగమే. పంపు అరిగి లోపల లీకవుతుంటే మాత్రం తక్కువ రేజ్‌లో పీడనమే నిలవదు.

ఆస్టిన్ తోటమాలి:
టెక్సస్‌లో నా ఐదెకరాల స్థలంలో ఇలాంటి చిన్న ట్రాక్టరే వాడుతున్నాను. ఇక్కడి కంపెనీలు లోడర్‌కు కనీసం రెండు అంకెలు ఇస్తాయి: బకెట్ పిన్నుల దగ్గర ఒకటి, పిన్నులకు 500 మి.మీ. ముందు మరొకటి. రెండూ పూర్తి ఎత్తులోనివే, రెండోది ఎప్పుడూ తక్కువే. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో మొదటిదే కనిపిస్తుందనుకోండి. ట్రాక్టర్ వెనుక లిఫ్ట్‌ను ఓఈసీడీ (పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ) పద్ధతిలో పరీక్షించేటప్పుడు కూడా లింకుల చివర ఒకసారి, అక్కడి నుంచి 610 మి.మీ. వెనక్కి ఒకసారి కొలుస్తారు. దూరం చెప్పకుండా బరువు ఒక్కటే చెబితే అది సగం మాటే. బస్తాలు బకెట్ లోపలి అంచుకు ఆనించి పేర్చారా, పెదవి దాకా పరిచారా అన్నది కడియపులంక గారు రాయలేదు. మీరు ఎత్తబోయేది కుండీ కాబట్టి దాని బరువు ఫోర్కుల (బకెట్ బదులు తగిలించే పొడవాటి ఇనుప పళ్ల) మీద మరింత ముందుకు పడుతుంది. 60 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. లోతు ఉన్న తడి మట్టి ముద్ద 230 కిలోలకు తగ్గదు. చెట్టు బరువు దానికి అదనం.

గట్టు మీద డ్రైవర్:
మీరందరూ జాకీ గురించే మాట్లాడుతున్నారు. నాకైతే అసలు హద్దు వెనుక ఇరుసు దగ్గర కనిపిస్తోంది. ముందు ఇరుసుకు 1.3 మీటర్ల ముందు 400 కిలోలు పెట్టి, రెండు ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుంటే, వెనుక ఇరుసు మీద సుమారు 347 కిలోలు తగ్గి ముందు ఇరుసు మీద 747 కిలోలు పెరుగుతాయి. ట్రాక్టర్ బ్రేకులు ఉండేది వెనుక చక్రాలకే. ఫోర్ వీల్ వేసుకుంటే కొంత ఆసరా ఉంటుంది గానీ, కాలువ గట్టు దిగేటప్పుడు వెనుక చక్రం తేలిందంటే మీ జాకీ ఎన్ని టన్నులు తోసినా ప్రయోజనం లేదు. టైర్లలో నీళ్లు నింపితే వెనుక బరువు పెరుగుతుంది, ముందు ఇరుసుకు మాత్రం ఉపశమనం ఉండదు. అదే 200 కిలోల రోటవేటర్ వెనుక ఇరుసుకు ఒక మీటరు అవతల వేలాడితే ముందు ఇరుసు మీది భారం 133 కిలోలు తగ్గుతుంది. స్కిడ్ స్టీర్ లోడర్లకు (ఒక పక్క చక్రాల వేగం మార్చి మలుపు తిప్పే చిన్న లోడర్ యంత్రాలకు) బోల్తాపడే బరువులో సగాన్నే పని బరువుగా చెప్పడం ఊరకే పెట్టిన నియమం కాదు.

తణుకు హైడ్రాలిక్ మెకానిక్:
బోల్తా లెక్క ఒప్పుకుంటాను. అయితే అది ట్రాక్టర్ పరీక్ష, లోడర్ పరీక్ష కాదు. రెండింటినీ కలిపితే తప్పు ఎవరిదో తేలదు. కడియపులంక గారికి రోటవేటర్ ఎటూ ఉంది కాబట్టి రిలీఫ్ వాల్వును కొద్దిగా బిగిస్తే తొమ్మిదో బస్తా కూడా పైకి పోతుంది.

గట్టు మీద డ్రైవర్:
ఆ సలహా దయచేసి ఎవరూ పాటించవద్దు. వాల్వు బిగిస్తే భారం పడేది గొట్టాల మీద, ఆర్మ్ వెల్డింగ్ మీద, ముందు ఇరుసు మీద. ఆ మూడూ ఏ పీడనానికి తగ్గట్టు చేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

కడియపులంక నర్సరీ:
బస్తాలన్నీ బకెట్ లోపలికే ఆనించి పేర్చాను. ఆస్టిన్ గారు అడిగిన తరువాతే అది లోడర్‌కు అనుకూలమైన పరీక్ష అని అర్థమైంది. మెకానిక్ గారి 375ను రెండు మీటర్ల నుంచి 2.4 మీటర్లకు జరిపితే 312 అవుతోంది. ఫోర్కులు తగిలించి, కుండీ నిలబడేచోట ఆరు బస్తాలు, 270 కిలోలు, పెట్టి ఈ ఉదయం మళ్లీ చూశాను. రోటవేటర్‌తో పూర్తి ఎత్తుకు నిదానంగా వెళ్లింది, చక్రం కదల్లేదు. ఏడో బస్తా వేయలేదు. వాల్వు ముట్టుకోవడం లేదు. ఆర్మ్ మీద పెయింటుతో 270 అని రాయించి, దాని కింద ‘వెనుక రోటవేటర్ ఉంటేనే’ అని చేర్పించాను. చేసినాయన వచ్చి చూసి, తన పేరు పోయిందని నొచ్చుకున్నాడు.