బెలారుస్ యువత, భాష, రాజకీయం: సర్వేలో ఏం అడగాలి?

భాషాపటం: ఎం.ఏ. ప్రాజెక్టుకు ప్రశ్నావళి తయారవుతోంది. "మీ మాతృభాష ఏది?" అని మొదలుపెడితే చాలా?

మూడోగడి: చాలదండీ, బోల్తా పడేది అక్కడే. 2009 జనగణనలో బెలారుసియన్ మాతృభాష అన్నవాళ్లు 53 శాతం. ఇంట్లో అదే మాట్లాడతామన్నవాళ్లు 23 శాతం. ఆ ప్రశ్నకు చాలామంది తమ జాతి ఏదో చెప్తారు. అమ్మమ్మతో ఏ భాష, దుకాణంలో ఏది, టెలిగ్రామ్ చాట్‌లో ఏది అని విడివిడిగా అడగండి. "బెలారుసియన్, రష్యన్ రెండూ కలిపి" అనే గడి తప్పనిసరి. దానికి 'ట్రసియాంకా' అని మాత్రం పేరు పెట్టకండి. ఎండు పచ్చికలో ఒట్టి గడ్డి కలిపిన నాసిరకం మేతను అలా అంటారు. ఎవరు టిక్ పెడతారు చెప్పండి!

పాతరాత: ప్రశ్నావళిని బెలారుసియన్‌లో ఏ స్పెల్లింగులో రాస్తారు? బడిలో నేర్పేది 1933 సంస్కరణ నుంచి వచ్చిన రాత. దానికి ముందటిది తరష్కేవిత్స. 'మంచు' అనే మాటలో 'స్' తర్వాత మెత్తగుర్తు (ь అనే అక్షరం) కనిపిస్తే అదే. (వికీపీడియాలో రెండిటికీ వేరువేరు సంచికలున్నాయి.) తరష్కేవిత్సలో అచ్చేస్తే మొదటి వాక్యంలోనే మీరు ప్రతిపక్షం వైపని చదివేస్తారు. బడి రాతే వాడండి. మన గ్రాంథిక-వ్యావహారిక గొడవతో పోల్చకండి, ఇక్కడ తేడా ఎక్కువగా రాతలోనే.

భాషాపటం: బెలారుసియన్ మాట్లాడేవాళ్లను ప్రతిపక్షం కింద వేసుకోవచ్చా?

మూడోగడి: వద్దు. 2020 ఎన్నికల తర్వాతి నిరసనల్లో "ఝివే బెలారుస్" (బెలారుస్ వర్ధిల్లాలి) నినాదం బెలారుసియన్, చుట్టూ మాటలు చాలావరకు రష్యన్. రాజకీయ వైఖరిని రష్యన్ రాతలోనే వెతకండి: "బెలోరుస్సియా" అనకుండా "బెలారుస్" అనడం, "బెలారుస్‌కు చెందిన" అనే రష్యన్ విశేషణంలో 'ఓ' తీసి 'ఆ' పెట్టి, రెండు 'స్'లకు బదులు ఒకటే రాయడం. ఒక ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు రాయించి ఆ అక్షరాలు లెక్కపెట్టండి. కాగితం మీద రాయిస్తే మేలు, ఫోన్ అయితే తప్పనుకుని దిద్దేస్తుంది.

చెవి: గొంతు రికార్డింగుతో వైఖరి కొలిచేటట్టయితే, ఒకే మనిషి చేత 40 సెకన్లు చొప్పున మూడు రకాలూ (బెలారుసియన్, రష్యన్, కలగలుపు) చెప్పించి, మధ్యలో వేరే గొంతులు కలపండి. కలగలుపు మాటను కాగితం చూసి చదివిస్తే నాటకంలా ఉంటుంది. దారి చెప్పమని అడిగి, మాట్లాడించి తీసుకోండి. బెలారుసియన్ కూడా టీవీ వార్తల గొంతులో వస్తే జనం మార్కులు వేసేది ఆ గొంతుకే.

పాతరాత: ప్రతిపక్షం ఎత్తే తెలుపు-ఎరుపు-తెలుపు జెండా గురించిన ప్రశ్న దేశం లోపల ఉన్నవాళ్లకు పెట్టకండి. 'తీవ్రవాద' ముద్ర పడిన టెలిగ్రామ్ చానల్‌లో చేరినా అరెస్టులు చేస్తున్న చోటు. పేరు, ఈమెయిల్ అడిగే ఫారం వద్దు. వార్సా, విల్నియస్‌లో ఉన్నవాళ్ల జవాబులు వేరే పట్టికలో ఉంచండి. దేశం వదిలాక భాష మార్చుకున్నవాళ్లు వాళ్లలో ఉంటారు, ఏ ఏడు వెళ్లారో కూడా అడగండి.