అద్దాలు తుడిచే పనికి వ్యాన్: చిన్నది చాలా, మీడియం తీసుకోవాలా?

కొత్తబకెట్
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ వేరేవాళ్ల కింద కిటికీ అద్దాలు తుడిచే పని చేశాను, ఇప్పుడు సొంతంగా మొదలుపెడుతున్నా. ఎక్కువగా ఇళ్లు, కొన్ని చిన్న ఆఫీసులు, మూడు అంతస్తులు దాటవు. నిచ్చెన ఎక్కడం తగ్గించి, చివర బ్రష్ ఉండి నీళ్లు వచ్చే పొడవాటి పోల్‌తో, లవణాలు తీసేసిన నీళ్లు వాడే ప్యూర్ వాటర్ పద్ధతిలో చేద్దామని ఉంది. సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూస్తున్నా. చిన్నదైతే సందుల్లో దూరుతుంది, పార్కింగ్ గొడవ ఉండదు, డీజిల్ కూడా తక్కువే. మీడియం అయితే సామానంతా పడుతుంది కానీ ఖర్చు. వెనకాల 500 లీటర్ల ట్యాంక్ పెట్టాలని నా ఆలోచన, టేపుతో కొలిచి చూస్తే చిన్న వ్యాన్‌లో కూడా హాయిగా పడుతోంది. ఇంకేం చూసుకోవాలి? ఎలక్ట్రిక్ వ్యాన్ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లూ చెప్పండి.

లాంగ్‌పోల్
బ్రో, ట్యాంక్ పట్టడం వేరు, వ్యాన్ దాన్ని మోయడం వేరు. టేపు పక్కన పెట్టి లెక్క మొదలుపెట్టు. లీటరు నీళ్లు కిలో బరువు, అంటే 500 లీటర్లు నింపితే నీళ్లే 500 కిలోలు. ఖాళీ ట్యాంక్, దాన్ని పట్టుకునే ఇనుప ఫ్రేమ్, పంపు, బ్యాటరీ, హోస్ రీళ్లు, పోల్స్, ఒక నిచ్చెన అన్నీ కలిపి ఇంకో నూట పాతిక వేసుకో. నువ్వు, పక్కన హెల్పర్ కూర్చుంటే ఇంకో నూటయాభై. అంతా కలిపితే 775 కిలోలు. చిన్న వ్యాన్లలో చాలావాటి పేలోడ్, అంటే మోయగల బరువు, దీనికంటే తక్కువే ఉంటుంది, ఎక్కువ మోసే మోడల్స్ ఉన్నాయి కానీ వెతుక్కోవాలి. ఒకే పేరుతో, ఒకే షేపుతో ఉన్న రెండు బండ్ల మధ్య కూడా ఇంజిన్‌ని బట్టి, పొడవుని బట్టి పేలోడ్ బాగా మారుతుంది కాబట్టి అమ్మేవాడి నోటిమాట నమ్మొద్దు. డోర్ పక్కనో బానెట్ కిందో ఒక ప్లేట్ ఉంటుంది, దాని మీద బండి మొత్తం ఎంత బరువుతో రోడ్డెక్కొచ్చో, ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఎంత మోస్తుందో, వెనకది ఎంత మోస్తుందో రాసి ఉంటుంది. ఆ మొత్తంలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే నీ పేలోడ్. కొన్ని కంపెనీలు ఖాళీ బరువులోనే 75 కిలోల డ్రైవర్‌ని కలిపేస్తాయి, కొన్ని కలపవు, అదీ చూసుకో.

వెనక యాక్సిల్ సంగతి చాలామంది పట్టించుకోరు. మొత్తం బరువు లిమిట్ లోపలే ఉన్నా, ట్యాంక్ వెనక తలుపుల దగ్గర పెట్టావంటే వెనక యాక్సిల్ మీద ఓవర్‌లోడ్ పడుతుంది, ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది. ట్యాంక్‌ని సీట్ల వెనక అడ్డుగోడకి దగ్గరగా, రెండు యాక్సిళ్ల మధ్యలో పెట్టించు. సామానంతా ఎక్కించి, ట్యాంక్ నిండా నింపి, ఒకసారి కాటా వేయించు, ఒక్కో యాక్సిల్‌కి విడిగా. ఆ తర్వాత నిద్ర పడుతుంది.

ఇక అసలు నీకు 500 లీటర్లు ఎందుకు? పోల్ నుంచి నిమిషానికి ఒకటిన్నర, రెండు లీటర్లు వస్తుంది. రోజంతా పని చేసినా బండి దిగడం, పైపు లాగడం, కస్టమర్‌తో మాట్లాడడం పోను నీళ్లు పారేది ఏ మూడు గంటలో అనుకో, 270 నుంచి 360 లీటర్లు. ఒక్కడివే అయితే 350 ట్యాంక్ చాలు.

పాతస్పానర్
పై అన్న చెప్పిన బరువు లెక్కతో ఏకీభవిస్తాను. దానికంటే ముందు ట్యాంక్‌ని దేనితో బిగిస్తున్నారో అడగండి. బెల్టులతో కట్టేసి తిరిగేవాళ్లని చూస్తే నాకు భయం. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ దేన్నైనా గుద్ది, అర మీటరు దూరంలో బండి ఆగిపోయిందనుకోండి, ఆ క్షణం 500 కిలోల నీళ్లు పది టన్నుల బలంతో ముందుకి తోస్తాయి. ముందున్నది మీ వీపు. స్టీల్ ఫ్రేమ్, నేలకి అవతలిపక్క కింద ప్లేట్లు వేసి బోల్టులు, వీలైతే క్రాష్ టెస్ట్ చేసిన కిట్. నేల కింద ఇంధన ట్యాంకు, బ్రేక్ పైపులు ఎక్కడున్నాయో చూడకుండా డ్రిల్ పెట్టే వాడి దగ్గరికి వెళ్లకండి. ట్యాంక్ లోపల అడ్డుపలకలు ఉన్నదే కొనండి, లేకపోతే మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకి వెళ్లి బండిని లాగేస్తాయి. ఈ మార్పులన్నీ ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పాలి.

సెకండ్ హ్యాండ్ డీజిల్ అంటున్నారు కదా, మన పని అంతా రెండు కిలోమీటర్లు పోవడం, ఆపడం, మళ్లీ రెండు కిలోమీటర్లు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. కొత్తతరం డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది వేడెక్కితేనే ఆ మసిని కాల్చుకుంటుంది. ఇలా చిన్న చిన్న ట్రిప్పులే తిప్పితే పూడుకుపోతుంది, మార్చాలంటే జేబు ఖాళీ. మీ ఏరియా మొత్తం దగ్గర్లోనే ఉంటే పెట్రోల్ వ్యాన్ దొరుకుతుందేమో చూడండి, లేదా వారానికొకసారైనా పెద్ద రోడ్డు మీద ఓ అరగంట తిప్పండి.

ఇంకోటి. పంపు కోసం రెండో బ్యాటరీ పెడతారు. పాత బండ్లలో చిన్న రిలే (కరెంటు కలిపే స్విచ్) పెడితే నడుస్తుండగా అది ఛార్జ్ అయిపోయేది. ఇప్పటి బండ్లలో చాలావాటికి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ స్మార్ట్‌ది ఉంటుంది, ఇంధనం ఆదా కోసం అది మధ్యమధ్యలో వోల్టేజ్ తగ్గించేస్తుంది, ఆ పాత రిలే సరిగ్గా పనిచేయదు. బ్యాటరీ నుంచి బ్యాటరీకి ఛార్జ్ చేసే డీసీ ఛార్జర్ వేయించండి.

బకెట్‌స్క్వీజీ
ఇంకా కస్టమర్లే లేరు, అప్పుడే ట్యాంక్ గొడవ ఏంటండీ. 25 లీటర్ల డబ్బా, చిన్న పంపు, బ్యాటరీ ఉన్న ట్రాలీ ఒకటి తీసుకుంటే ఉన్న కారులోనే పని నడుస్తుంది. మధ్యాహ్నానికి డబ్బాలు మోసి నడుం పట్టేస్తుంది, అది నిజమే. కానీ పని పెరిగాక ఎన్ని లీటర్లు కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు వ్యాన్ కొనండి. ఆఫీసుల లోపలి అద్దాలకి ఎలాగూ బకెట్టు, స్క్వీజీనే (నీళ్లు లాగే రబ్బరు పట్టీ).

ఛార్జింగ్‌లో
ఎలక్ట్రిక్ అడిగారు కాబట్టి. రోజుకి కొద్ది దూరమే తిరిగే పనికి ఇంతకంటే సుఖం లేదు, ఆపి ఆపి నడిపినా దానికేం కాదు, రాత్రి బండీ ఛార్జ్ అవుతుంది, ట్యాంకూ నిండుతుంది. ఇబ్బందల్లా దాని బ్యాటరీయే బోలెడు బరువు కావడం. పేలోడ్ ప్లేట్ ఇక్కడ ఇంకా జాగ్రత్తగా చదవాలి. నిండు ట్యాంక్‌తో, చలిలో హీటర్ వేసుకుని తిరిగితే కంపెనీ చెప్పిన రేంజ్ రాదు. ఇంట్లో ప్లగ్ పాయింట్ దగ్గరికి బండి రాకపోతే మాత్రం వద్దే వద్దు.

కొత్తబకెట్
అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ట్రాలీ ఐడియా బాగుంది కానీ నాకు నడుం నొప్పి ముందే ఉంది, కాబట్టి వ్యానే. 350 దగ్గర ఆగుతా. ఒక్క డౌట్: 500 ట్యాంకే కొని, ప్రస్తుతానికి 350 వరకే నింపుకుంటే? రేపు పని పెరిగితే మళ్లీ కొనక్కర్లేదు కదా. ఇంకా ఆర్‌వో ఫిల్టర్ కూడా బండిలోనే పెట్టాలా?

లాంగ్‌పోల్
వద్దు. నిండు ట్యాంక్ కంటే సగం నిండిన ట్యాంకే ఎక్కువ ఊగుతుంది, అడ్డుపలకలున్నా తెలుస్తూనే ఉంటుంది. పైగా పొద్దున్నే పైపు పెట్టి వదిలేస్తే 350 దగ్గర ఎవడు ఆపుతాడు, ఓ రోజు నిండిపోతుంది, ఆ రోజు ఓవర్‌లోడే. 350 ట్యాంక్ అయితే అది నిండినా నీ లెక్క తప్పదు. అన్నీ కలిపి 625, హెల్పర్ లేకపోతే 550. ఇంకో వంద కిలోలు మిగిలేలా పేలోడ్ ఉన్న బండి చూడు. ఇద్దరు మనుషులు, రెండు పోల్స్ అయినప్పుడు ఎలాగూ మీడియం వ్యానే కొంటావు, పెద్ద ట్యాంక్ అప్పుడు చూసుకోవచ్చు.

ఫిల్టర్ ఇంట్లో పెట్టు. ఆర్‌వో నెమ్మదిగా తీస్తుంది, సగానికి దగ్గరగా నీళ్లు వృథాగా బయటికి పోతాయి, కస్టమర్ కొళాయికి పెట్టుకుని ఎదురుచూస్తే పని సాగదు. రాత్రి ఇంట్లో స్టోరేజ్ ట్యాంక్‌లోకి తీసి, పొద్దున్న బండిలోకి పంప్ చెయ్. చివర్లో మిగిలిన లవణాలు పట్టే రెసిన్ ఫిల్టర్ ఒకటి ఉండాలి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నాకి దగ్గరగా వస్తేనే తుడవకుండా వదిలేసినా అద్దం మీద మచ్చలు పడవు. ఆర్‌వో లేకుండా రెసిన్ ఒక్కటే పెట్టొచ్చు గానీ మీ నీళ్లు లవణాలు ఎక్కువున్న గట్టివైతే రెసిన్ త్వరగా అయిపోతుంది.

పాతస్పానర్
వ్యాన్ చూడ్డానికి వెళ్లినప్పుడు రెండు విషయాలు. పక్క డోర్ ఉన్నదే తీసుకోండి, రీలు అక్కడ పెట్టుకుంటే వెనక ఇంకో కారు ఆనించి పార్క్ చేసినా పైపు లాగొచ్చు. లోపల తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నేల, చక్రాల గుబ్బలు తుప్పు పట్టాయేమో మ్యాట్ ఎత్తి చూడండి, పైకప్పుకి గాలి ఆడే వెంట్ లేకపోతే పెట్టించండి. చలికి నీళ్లు గడ్డకట్టే చోటైతే రాత్రి పంపులోంచి, పైపుల్లోంచి నీళ్లు వదిలేయాలి, లేదంటే లోపల చిన్న హీటర్ పెట్టాలి. పంపు ఒక్కసారి గడ్డకట్టినా పగిలిపోవచ్చు.

కొత్తబకెట్
ఆదివారం రెండు బండ్లు చూడ్డానికి వెళ్తున్నా, రెండూ పక్క డోర్‌వే. ప్లేట్ ఫోటో ముందే పంపమని అడిగితే ఒకాయన పంపాడు, ఇంకొకాయన వచ్చి చూసుకోండి అంటున్నాడు. పంపినాయన దగ్గరికే ముందు వెళ్తా.