బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: వెర్షన్ నంబర్లు ఎలా పెట్టాలి, ఏఎంసీ కట్టనివాళ్లకు అప్‌డేట్ ఇవ్వాలా?

స్లాబ్_లెక్క (ఒంగోలు)

గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల కోసం మేం ఇద్దరం రాసిన బిల్లింగ్, స్టాక్ ప్యాకేజీ ఉంది. వాడేవాళ్లు ఎక్కువగా చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల వాళ్లు. మార్కాపురంలో పలకల వ్యాపారులు కొందరు. బ్లాకు కొలత, స్లాబు చదరపు అడుగులు, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) వరకు చేస్తుంది. విండోస్ మీద, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్)తో నడుస్తుంది. ఇప్పటిదాకా లైసెన్సు రూ. 25,000 ఒకేసారి తీసుకుని అప్‌డేట్లన్నీ ఊరికే ఇచ్చాం. ఇకమీదట ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం, దాని రుసుము) పెట్టాలనుకుంటున్నాం.

సందేహాలు ఇవి. ప్రస్తుతం 3.9లో ఉన్నాం. తర్వాతది 3.10 అంటే "వెనక్కి పోయిందేంది, 3.1 ఇచ్చారా" అంటారు, 4.0 అంటే కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. ఏది మేలు? లైసెన్స్ కీని (కొన్నవాళ్లకే ప్రోగ్రామ్ తెరుచుకునేలా ఇచ్చే కోడ్) వెర్షన్ నంబరుకు కట్టాలా, తేదీకి కట్టాలా? ఏఎంసీ కట్టనివాళ్లకు జీఎస్టీ మార్పులు కూడా ఆపేయాలా? రెండు మూడేళ్లు మానేసి మళ్లీ వచ్చినవాళ్ల దగ్గర ఎంత తీసుకోవాలి?

పెన్నా_బిల్డ్ (నెల్లూరు)

ముందు కీ సంగతి తేల్చండి, నంబరు సంగతి దాని వెనకే వస్తుంది.

వెర్షన్ నంబరుకు కట్టొద్దు. "3తో మొదలయ్యేవన్నీ చెల్లుతాయి" అని కట్టారనుకోండి, డబ్బు అవసరమైనప్పుడల్లా నంబరు పెంచాలనిపిస్తుంది. మార్చిలో 3.9 కొన్నవాడికి ఏప్రిల్‌లో 4.0 చూపించి మళ్లీ డబ్బడిగితే గొడవ ఖాయం. తేదీకి కడితే ఆ తంటా ఉండదు. సబ్‌లైమ్ టెక్స్ట్ అనే కోడ్ ఎడిటర్ చేసేది ఇదే: కొన్న రోజు నుంచి మూడేళ్లలో వచ్చిన వెర్షన్లన్నీ నీవే, గడువు దాటినా అవి ఆగవు. కొత్తవి కావాలంటేనే మళ్లీ కట్టాలి.

చేసే పద్ధతి: లైసెన్స్ ఫైల్‌లో కొనుగోలుదారు పేరు, జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు), ఎన్ని సిస్టమ్‌లు, ఏఎంసీ చివరి తేదీ రాసి మీ ప్రైవేట్ కీతో (మీ దగ్గర మాత్రమే ఉండే రహస్య డిజిటల్ కీ) సంతకం చేయండి. ప్రోగ్రామ్‌లో ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రమే ఉండాలి. ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు ఏఎంసీ చివరి తేదీని కంప్యూటర్ గడియారంతో పోల్చకండి. ప్రోగ్రామ్‌లోనే పొదిగిన రిలీజ్ తేదీతో పోల్చండి. ఏఎంసీ 31-3-2026 వరకు ఉంటే 28-3-2026 రిలీజ్ నడుస్తుంది, 2-4-2026 రిలీజ్ నడవదు. గడియారం వెనక్కి తిప్పి మోసం చేయడానికి వీలుండదు, తేదీని నిలిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి తేదీ 2009కి పోయినా కస్టమర్ పని ఆగదు.

ఇందులో ఒక మెలిక ఉంది. గడువు దాటినవాళ్లకు కూడా ఒక ప్రమాదకరమైన తప్పు సరిచేసి 3.9.4 ఇవ్వాల్సి రావచ్చు. దాని తేదీ ఇవాళ్టిది కాబట్టి వాళ్ల కీ ఒప్పుకోదు. అందుకే రెండు తేదీలు పెట్టుకోండి: బిల్డ్ (ప్రోగ్రామ్ తయారు) అయిన తేదీ ఒకటి, అర్హత తేదీ ఒకటి. 3.9.4కి అర్హత తేదీగా 3.9.0 వచ్చిన రోజునే ఉంచాలి. కీ చూసేది దాన్నే.

కీని యంత్రానికి కట్టేటప్పుడు మదర్‌బోర్డు నంబరు ఒక్కటే నమ్ముకోవద్దు. మన ఫ్యాక్టరీల కరెంటుకు బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టెలు) పోవడం మామూలే. మూడు గుర్తులు తీసుకుని రెండు కలిస్తే చాలు అనండి. మారినప్పుడు కొత్త కీ ఉచితంగా ఇవ్వండి, అందులో డబ్బు చూసుకోవద్దు. ప్రైవేట్ కీ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంటే ఆ డిస్క్‌తో పాటు మీ వ్యాపారమూ పోతుంది. రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు చోట్ల దాచండి.

ఇక నంబరు. మేజర్, మైనర్, ప్యాచ్ పద్ధతిలో (3.9.4లో వరుసగా 3, 9, 4) మేజర్ అంటే పాతదానితో పొసగని మార్పు అని అర్థం. అది ప్రోగ్రామర్లు వాడే లైబ్రరీలకు రాసుకున్న నియమం. మీ కస్టమర్‌కు పొసగడం అంటే మూడే: డేటా ఫైలు, బిల్లు మొత్తం, ప్రింటు ఫారం. ఈ మూడింట్లో ఏది మారినా మేజర్. స్లాబు కొలతలో రౌండింగ్ తప్పు సరిచేశారనుకోండి, కోడ్‌లో అది ఒక్క లైను. కానీ పాత బిల్లు మళ్లీ తీస్తే పైసలు మారతాయి, ఆడిటర్ దగ్గర సరిపోలదు. దాన్ని ప్యాచ్ అని పంపితే నమ్మకం పోతుంది. పాత బిల్లులకు పాత లెక్కే వర్తించేలా, కొత్త తేదీ నుంచి కొత్త లెక్క వచ్చేలా రాయండి.

3.10 తప్పు కాదు గానీ మీ అప్‌డేటర్ నంబర్లను అక్షరాలుగా పోలుస్తోందేమో చూడండి. అలా పోలిస్తే 3.10 కన్నా 3.9 పెద్దదిగా కనిపించి అప్‌డేట్ రాదు. చుక్క దగ్గర విడగొట్టి అంకెలుగా పోల్చాలి. సంవత్సరం, నెల పెట్టాలనుకుంటే 2026.4 వద్దు, 26.4 పెట్టండి: ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు) వెర్షన్ నంబరులో మొదటి రెండు భాగాలు 255 దాటకూడదు, మూడోది 65535 వరకు వెళ్తుంది. నాలుగో భాగాన్ని విండోస్ ఇన్‌స్టాలర్ అసలు పోల్చదు, కాబట్టి తేడా అక్కడ మాత్రమే ఉంటే అప్‌గ్రేడ్ అని గుర్తించదు.

నా ఓటు 26.4 తరహాకే. ఏఎంసీ ఎప్పుడు ఆగిందో నంబరు చూస్తేనే కస్టమర్‌కు తెలిసిపోతుంది. 3.10, 4.0 గొడవా ఉండదు.

జమాఖర్చు (నెల్లూరు)

పై సమాధానంలో సాంకేతికంగా వంక పెట్టేది లేదు. కొనేవాళ్ల ఖాతాలు చూసేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు.

పన్ను రేటు మారడం అసలు అప్‌డేట్ కాకూడదండీ. 22-9-2025 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి. గ్రానైట్ బ్లాకు 12 నుంచి 5 శాతానికి వచ్చింది, పాలిష్ చేసిన స్లాబు 18లోనే ఉంది. రేటును కోడ్‌లో రాసుకున్నవాళ్లు ఆ రాత్రి అందరికీ కొత్త ప్రోగ్రామ్ పంపాల్సి వచ్చి ఉంటుంది. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్), రేటు, ఏ తేదీ నుంచి అనే మూడు గడుల పట్టిక పెట్టండి, దాన్ని కస్టమరే మార్చుకోగలగాలి. పాత వరుసను చెరిపేయకూడదు: సెప్టెంబరు 10 నాటి బిల్లుకు అక్టోబరులో క్రెడిట్ నోట్ ఇస్తే పాత 12 శాతమే పడాలి. ఇలా ఉంటే "జీఎస్టీ మార్పులు ఆపాలా" అన్న ప్రశ్నే సగం పోతుంది.

మిగతా సగం, ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు), ఈ-వే బిల్లు పోర్టళ్ల ఫార్మాట్లు, లాగిన్ పద్ధతులు మారడం. వాటికి కోడ్ పని తప్పదు, ఏఎంసీ వసూలు చేయడం న్యాయమే. ఈ-ఇన్‌వాయిస్ 1-8-2023 నుంచి రూ. 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకు వర్తిస్తోంది. ఆ స్థాయి యూనిట్‌కు ఏఎంసీ పెద్ద లెక్క కాదు.

ఒక్కటి మాత్రం చేయొద్దు: డబ్బు కట్టలేదని పాత డేటా తెరుచుకోకుండా ఆపడం. జీఎస్టీ కింద లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, కంపెనీలైతే ఎనిమిదేళ్లు. చూడటం, ప్రింటు, ఎక్సెల్‌లోకి తీసుకోవడం ఎప్పటికీ ఉండాలి. ఒప్పంద పత్రంలోనూ రాయండి.

ధర: లైసెన్సు ధరలో 15 నుంచి 20 శాతం మామూలు. 20 అనుకుంటే రూ. 5,000, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం కలిపి రూ. 5,900. మూడేళ్లు మానేసినవాడిని బకాయి అంతా కట్టమంటే మూడేళ్లకు 15,000, ఈ ఏడాదికి 5,000, మొత్తం 20,000. దానికన్నా ఇంకో 5,000 వేసి వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటాడు. బకాయి ఎన్నేళ్లదైనా రెండేళ్లకు మించి వసూలు చేయకండి: 10,000 ప్లస్ 5,000. బకాయి అసలే వద్దంటే అందరూ ఏడాది మార్చి ఏడాది కడతారు, అదీ నష్టమే.

మూడేళ్ల ఏఎంసీ ముందే కట్టించుకుంటే జాగ్రత్త. సేవలకు అడ్వాన్సు అందినప్పుడే పన్ను బాధ్యత వస్తుంది, కాబట్టి మొత్తం మీద జీఎస్టీ ఇప్పుడే కట్టాలి.

అప్‌డేట్ హక్కు, ఫోన్ సపోర్టు, మనిషి వచ్చి చేయడం, ఈ మూడూ ఒకే ఏఎంసీలో కలపొద్దు. చీమకుర్తి దగ్గరే, మార్కాపురం పోయొస్తే ఆ రోజు పని ఇంకేం కాదు. విజిట్‌కు వేరే రేటు పెట్టండి. పాత ఇన్‌వాయిస్‌లలో "లైఫ్‌టైమ్ ఫ్రీ అప్‌డేట్స్" అని రాసి ఇచ్చారా, వెతికి చూడండి. రాసి ఉంటే వాళ్లకు ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే. మిగతా పాతవాళ్లకు మొదటి ఏడాది ఏఎంసీ ఉచితంగా పెట్టి, గడువు తేదీ ఉన్న కీ ఇప్పుడే ఇవ్వండి. తేదీ కళ్ల ముందు ఉంటే వచ్చే ఏడాది అడగడం తేలిక.

స్లాబ్_లెక్క (ఒంగోలు)

చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. తేదీకి కట్టడం ఖాయం చేశాం. ఇంకో రెండు: కొన్ని యూనిట్లలో మూడు నాలుగు సిస్టమ్‌లు లాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) ఉంటాయి, ఒకటి అప్‌డేట్ చేసి మిగతావి వదిలేస్తారు. యార్డులో కొలతలు ఎక్కించే సిస్టమ్ ఇంకా విండోస్ 7 అయిన చోట్లూ ఉన్నాయి.

కావలి_సపోర్ట్

లాన్‌లో గొడవంతా డేటాబేస్ నిర్మాణం మారినప్పుడే. డేటాబేస్‌లో ఒక చిన్న పట్టికలో నిర్మాణ సంఖ్య ఉంచండి, 41, 42 అని. ఇది వెర్షన్ నంబరు కాదు, బయట ఎవరికీ చూపించక్కర్లేదు. ప్రోగ్రామ్ తెరవగానే తనకు తెలిసిన సంఖ్యకన్నా డేటాబేస్‌లో ఎక్కువ ఉంటే "ఈ సిస్టమ్‌లో పాత వెర్షన్ ఉంది, అప్‌డేట్ చేయండి" అని ఆగిపోవాలి. తక్కువ ఉంటే సర్వర్ సిస్టమ్‌లో మాత్రమే, మిగతా అందరూ బయటికి వచ్చాకే మార్పు మొదలవ్వాలి. ఈ తనిఖీ ఇప్పటి 3.9కే ప్యాచ్‌గా ముందు పంపండి. లేకపోతే పాతది కొత్త డేటాబేస్‌లో రాసేస్తుంది, పాడైనట్టు నెలాఖరు స్టాక్ చూస్తే గానీ తెలియదు.

మార్పుకు ముందు బ్యాకప్ ప్రోగ్రామే తీయాలి, కస్టమర్‌కు వదిలేయొద్దు. ఎక్స్‌ప్రెస్‌లో బ్యాకప్ కంప్రెస్ కాదు కాబట్టి డేటాబేస్ సైజుకు రెండింతల ఖాళీ ఉందో లేదో ముందే చూడాలి. ఫైల్ రాసేది లాగిన్ అయిన మనిషి కాదు, ఎస్‌క్యూఎల్ సర్వీసు ఖాతా. అందుకే డెస్క్‌టాప్ మీదికో నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకో తీయబోతే "ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్" వస్తుంది. సర్వీసు ఖాతాకు అనుమతి ఉన్న ఫోల్డర్ ఒకటి ఇన్‌స్టాల్‌లోనే చేసి పెట్టండి. తీశాక రిస్టోర్ వెరిఫైఓన్లీ (బ్యాకప్ సరిగా ఉందో చూసే ఆదేశం) నడిపి, సరే అంటేనే ముందుకు పోవాలి.

ఇంకోటి గుర్తుంచుకోండి: కొత్త ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తీసిన బ్యాకప్ పాతదాంట్లో ఎక్కదు. 2014 వెర్షన్ నుంచి 2022 వెర్షన్‌కి మారితే తిరుగు దారి లేదు. పాత ఇన్‌స్టాన్స్‌ను (పాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను) ఒక నెల ఆపి ఉంచండి, తీసేయకండి.

విండోస్ 7 సంగతి సూటిగా చెప్పాలంటే, దాని సపోర్టు 14-1-2020న ముగిసింది. దాని మీద నడిచే చివరి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014, దానికీ 9-7-2024తో సపోర్టు ముగిసింది. టీఎల్ఎస్ 1.2 (ఇంటర్నెట్‌లో సురక్షిత కనెక్షన్ పద్ధతి) విండోస్ 7లో తనంతట తాను ఆన్‌లో ఉండదు, పోర్టల్‌తో మాట్లాడాల్సిన పని అక్కడే ఆగుతుంది. యార్డు సిస్టమ్ కొలతలు ఎక్కించడానికే అయితే క్లయింట్‌గా (సర్వర్‌కు కలిసే సిస్టమ్‌గా) ఉండనివ్వండి, ఈ-వే బిల్లు ఆఫీసు సిస్టమ్ నుంచే చేయించండి. ఏఎంసీ పత్రంలో మాత్రం "విండోస్ 7 మీద ఫలానా తేదీ వరకే" అని రాయాలి. విండోస్ 10కీ 14-10-2025న మామూలు సపోర్టు అయిపోయింది, ఆ వరుస కూడా ఇప్పుడే చేర్చుకోండి.

పెన్నా_బిల్డ్ (నెల్లూరు)

కావలి అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. అర్హత తనిఖీ డౌన్‌లోడ్‌కు ముందే జరగాలి. టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టీఎస్‌ఎస్ (అప్‌డేట్ల చందా) గడువు అయ్యాక వచ్చిన రిలీజ్ వేసుకుంటే ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది, అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు. చాలామంది అకౌంటెంట్లకు అది తెలుసు, మీ ప్యాకేజీలోనూ అలాగే అవుతుందేమోనని భయపడి బటన్ నొక్కరు. కాబట్టి బటన్ పక్కనే "మీ ఏఎంసీ 31-3-2026 వరకు. మీకు వర్తించే ఆఖరి వెర్షన్ 26.3" అని చూపించి, వర్తించేదాన్నే దింపండి.

ఇన్‌స్టాలర్‌కు కోడ్ సైనింగ్ (మీ పేరుతో డిజిటల్ సంతకం) చేసేటప్పుడు టైమ్‌స్టాంప్ (సంతకం చేసిన సమయపు ముద్ర) మరవొద్దు. అది లేకపోతే సర్టిఫికెట్ గడువుతో పాటే పాత ఇన్‌స్టాలర్ల సంతకమూ చెల్లదు. గడువు దాటిన కస్టమర్‌కు సిస్టమ్ మార్చినప్పుడు కావాల్సింది ఆ పాత ఇన్‌స్టాలరే. ప్రతి రిలీజ్‌నూ సర్వర్‌లో ఉంచండి, కొత్తది వచ్చిందని పాతది తీసేయొద్దు.