అప్‌డేట్: గ్యాస్ గీజర్‌లో ఈ1 ఎర్రర్ పోయింది

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి గ్యాస్ గీజర్ మంట అంటుకుని నాలుగు సెకన్లకే ఆరిపోయి, డిస్‌ప్లేలో ఈ1 చూపిస్తోందని పోయిన వారం అడిగాను కదా. మా మోడల్ మాన్యువల్‌లో ఈ1 అంటే మంట నిలవలేదని అర్థం.

మీరు చెప్పినట్టు ముందు రెండు పెద్ద బ్యాటరీలు మార్చాను. స్పార్క్ బలంగానే వచ్చింది, ఎర్రర్ మాత్రం పోలేదు. పదే పదే వెలిగిస్తే మండని గ్యాస్ కింద పేరుకుంటుందని (ఎల్‌పీజీ గాలికంటే బరువు) రెగ్యులేటర్ ఆపేశాను. మూత విప్పుదామని చెయ్యి దురద పెట్టింది కానీ మా ఆవిడ ఒప్పుకోలేదు, మంచిదైంది.

మెకానిక్ వచ్చి చూస్తే మంటను పసిగట్టే సెన్సర్ కడ్డీ నిండా మసి. తుడిచాడు, బర్నర్ కూడా శుభ్రం చేశాడు. ఇప్పుడు మంట నీలంగా నిలబడుతోంది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. మసి అంటే గాలి చాలక గ్యాస్ సరిగా కాలట్లేదని, కిటికీ మూసిన బాత్రూంలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుందని, దానికి వాసనే ఉండదని చెప్పాడు. చలికాలమంతా పిల్లలు అక్కడే స్నానం చేశారు! గీజర్‌ను వెనక వసారాలోకి మార్పిస్తున్నాం. అప్పటిదాకా కట్టెల పొయ్యి మీద నీళ్లు. గ్యాస్ వాసన వస్తే 1906కి ఫోన్ చెయ్యాలని గోడమీద రాసి పెట్టాను.