కాలనీ పార్కుకు ఏ చెట్లు మంచివి? (నల్లగొండ)

ప్రశ్న: మా కాలనీలో పార్కుకని వదిలిన 600 గజాల జాగా ఉంది. ఇన్నేళ్లూ సర్కారు తుమ్మే పెరిగింది, ఈమధ్యే కొట్టించాం. లాన్ వేసి, టైల్స్ పరిచి, చుట్టూ కోనోకార్పస్ పెడదామని కొందరంటున్నారు. ఎండాకాలం సాయంత్రాలు పెద్దవాళ్లు కూర్చునేలా, పిట్టలు వచ్చేలా ఉండాలని నా ఆశ. బోరులో నీళ్లు అంతంతమాత్రమే. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు తుమ్మను వేళ్లతో సహా తీశారా? పైపైన కొట్టిస్తే వానలు పడగానే మళ్లీ చిగురిస్తుంది.

కోనోకార్పస్ వద్దు. తొందరగా పచ్చబడుతుంది, నిజమే. కానీ మన పిట్టలకు దాంతో పెద్దగా పనిలేదు, పుప్పొడితో అలర్జీ వస్తోందని ఫిర్యాదులున్నాయి. గుజరాత్ అటవీశాఖ 2023లో దాన్ని నిషేధించింది కూడా.

మన ఊళ్లో మే నెల 44, 45 డిగ్రీలు. లాన్‌కు రోజూ నీళ్లు కావాలి, అది నీడ ఇచ్చేదీ లేదు. టైల్స్ పొద్దంతా కాగి, సరిగ్గా మీవాళ్లు కూర్చునే వేళకు సెగ కక్కుతాయి. నడకదారికి మొరం చాలు.

సాయంత్రపు ఎండ పడమర నుంచే కాబట్టి అటు వరసగా కానుగ పెట్టండి, చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 అడుగులు వదిలి. ఎండలు ముదిరేసరికి కొత్తాకుతో నిండుగా ఉంటుంది. పిట్టలకు మేడి, నేరేడు. రాలిన పండ్లు చీదరగా ఉంటాయి కాబట్టి బెంచీలకు దూరంగా పెట్టాలి. మర్రి మాత్రం వద్దు. ఊడలు దిగి ఎకరాలకొద్దీ పరుచుకున్న పాలమూరు పిల్లలమర్రిని చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు! కంచె పొడవునా తంగేడు, కరివేపాకు పెడితే సీతాకోకలు గుడ్లు పెడతాయి. వాటి గొంగళి పురుగులు ఆకు తింటాయి, మందు కొట్టొద్దు.

మరొకరు: వేప ఎందుకు చెప్పలేదు సార్?

జవాబు: ఒకటి రెండు పెట్టుకోండి. అన్నీ అవే వద్దు. 2021లో తెలంగాణ అంతటా వేపకొమ్మలు ఎండిపోయాయి కదా, అది ఫంగస్ తెగులు. ఒకే జాతి పెడితే పార్కంతా ఒకేసారి బోడి అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: పల్లపు మూలలో ఇంకుడు గుంత తీద్దామంటే దోమలొస్తాయని గొడవ చేస్తున్నారు.

జవాబు: గుడ్డు దోమగా మారడానికి వారం దాకా పడుతుంది. నీళ్లు రెండ్రోజుల్లో ఇంకితే భయం లేదు. గుంత తీశాక ట్యాంకర్ నీళ్లు నింపి చూడండి, ఇంకకపోతే ఇంకా లోతుకు తీసి కంకర పోయండి. మొక్కల గుంతలు మేలోనే రెండడుగులు తవ్వించి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి ఉంచండి. జూన్‌లో నేల బాగా తడిశాక నాటాలి, మొదటి చినుకుకే తొందరపడొద్దు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు ఎవరు పోస్తారో మాత్రం ఇప్పుడే పేర్లు రాసుకోండి.